కౌంటరు కింది పుస్తకం

ఎవరో దూది అడిగితే, కౌంటరు కింద నుంచి కట్ట లాగింది ఆమె. దాని వెంట ఒక పుస్తకం కూడా వచ్చి, పక్కనే నిలబడ్డ పెద్దాయన ముందు పడింది.

గబుక్కున తీయబోయింది. అప్పటికే ఆయన అందుకున్నాడు.

“ఏం పుస్తకం తల్లీ?”

“ఏం లేదండీ, ఊరికే... ఇలా ఇచ్చెయ్యండి.”

ఆయన ఇవ్వలేదు. వెనక అట్ట మీది ఫొటో చూశాడు. తలెత్తి ఆమె ముఖం చూశాడు.

“నువ్వే రాశావా?”

దొంగతనం బయటపడినట్టు తలూపింది.

ఆసుపత్రికి ఎదురుగా ఉన్న ఆ మందుల కొట్టు ఆమెదీ, తమ్ముడిదీ. తల్లికి పక్షవాతం వచ్చి మంచం పడితే, ఏళ్ళ తరబడి ఆమే చేసింది. మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి ఎలా తిప్పాలి, వీపున పుళ్ళు పడకుండా ఏం చెయ్యాలి, పొలమారకుండా నీళ్ళెలా పట్టాలి, విసుగులో నోరు జారాక మళ్ళీ ఆ ముఖం ఎలా చూడాలి, అన్నీ రాసుకుంది. తల్లి పోయాక సొంత ఖర్చుతో అచ్చు వేయించింది.

వేయించిందే గానీ, ఒక్కరికీ చూపించలేదు.

“ఊరందరికీ మందులమ్ముతావు. నీ పుస్తకం దగ్గరికొచ్చేసరికి నోట్లో బెల్లంముక్క ఉన్నట్టు మాట్లాడవేం అక్కా?” అని దెప్పేవాడు తమ్ముడు.

“అమ్మ రోగాన్ని అమ్ముకుంటోందంటార్రా,” అనేది.

పెద్దాయన కొన్ని నెలలుగా వస్తున్నవాడే. ఇంట్లో మంచం పట్టిన భార్యకి మందులు పట్టుకెళ్ళేవాడు. ఎప్పుడూ ఉన్ని టోపీతో ఉంటాడని ‘టోపీ పెద్దాయన’ అని అక్కాతమ్ముళ్ళే పేరు పెట్టుకున్నారు. ఆ రోజు వాడని మందులు వెనక్కివ్వడానికి వచ్చాడు. డాక్టరు మందులు మార్చాడు కాబోలు అనుకుందామె.

“ఇది నాకు కావాలి,” అన్నాడు పుస్తకం చంకలో పెట్టుకుని.

డబ్బు వద్దన్నా వినలేదు.

రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. మందులేమీ అడగలేదు. ఇంకో రెండు పుస్తకాలు కొని, కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాడు. పెద్ద సైజు డైపర్లు గానీ, పుళ్ళకి పూసే మందు గానీ కొనుక్కుని వెళ్ళేవాళ్ళని ఆపడం మొదలుపెట్టాడు.

“ఇంట్లో మంచం మీద ఎవరైనా ఉన్నారా బాబూ? అయితే లోపలికెళ్ళి ఈ పుస్తకం అడుగు. తనంతట తను చెప్పదు. అడిగితే ఇస్తుంది.”

రోజూ అదే వరస. ఆమె ప్రాణం చచ్చిపోయేది. ఎవరైనా వచ్చి అడిగితే, ముఖం చూడకుండా ఇచ్చి పంపించేసేది.

ఒకనాడు ఒకావిడ చిల్లర తీసుకుంటూ నవ్వింది.

“బేరం బాగానే ఉందే! కన్నతల్లి రోగాన్ని కూడా వదల్లేదన్నమాట. ఆ ముసలాయనకి రోజుకూలీ ఏమాత్రం ఇస్తున్నారేం?”

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆవిడ గడప దాటగానే విసురుగా బెంచీ దగ్గరికి వెళ్ళింది.

“మీకు పుణ్యముంటుంది, నా పరువు తియ్యకండి! ఇది మందుల కొట్టు, సంత కాదు. అయినా ఇంట్లో ఆవిణ్ణి ఒంటరిగా వదిలేసి ఇక్కడ కూర్చుంటారేమిటి? ముందు మీ ఆవిణ్ణి చూసుకోండి!”

పెద్దాయన ఏదో అనబోయి ఆగాడు. టోపీ కిందికి లాక్కుంటూ మెల్లగా లేచాడు.

“అనేవాళ్ళు ఎలాగూ అంటారు తల్లీ. కావలసినవాళ్ళే అడగలేరు. ఇలాంటిదొకటి ఉందని వాళ్ళకెలా తెలుస్తుంది?”

మర్నాటి నుంచి బెంచీ ఖాళీ.

పీడ విరగడైందనుకుంది. కానీ ఆయన మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఒక సాయంత్రం వాచ్‌మన్ యూనిఫాంలో ఉన్న మనిషి వచ్చి వీపు పుళ్ళకి మందు అడిగాడు. పొట్లం కట్టి ఇచ్చింది. అతను మెట్లు దిగుతున్నాడు. ఆమె కౌంటరు మీదికి వంగి పిలిచింది.

“బాబూ, ఒక్కమాట!”

అతను వెనక్కి తిరిగాడు.

“మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు... నేనొక పుస్తకం రాశాను. మీకు పనికొస్తుంది. కొనుక్కోండి.”

అన్నాక గానీ, అన్నది తనేనని నమ్మలేకపోయింది.

అతను పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు.

“మా నాన్నకండీ. తిప్పుతుంటే అరుస్తాడు. ఆయన అరిస్తే నేనూ అరుస్తాను. తర్వాత బయటికొచ్చి ఏడుస్తాను,” అన్నాడు. పుస్తకం మూసి, “మొన్నా మందుకొచ్చానుగదండీ, అప్పుడే చెప్పకపోయారా?” అన్నాడు.



ఆ రాత్రి కొట్టు కట్టేసేలోపే పుస్తకాలన్నీ దుమ్ము దులిపి, కౌంటరు మీద అందరికీ కనిపించేలా పేర్చింది. తమ్ముడు బల్ల తుడిచిచ్చాడు.

ఆ తర్వాత మొహమాటం పూర్తిగా పోలేదు గానీ, మాట మాత్రం ఆగలేదు. అడిగినవాళ్ళకీ చెప్పింది, అడగనివాళ్ళకీ చెప్పింది. ఈ సంగతి టోపీ పెద్దాయన చెవిన వెయ్యాలని, ఆయన చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పుకోవాలని రోజూ వీధిలోకి చూసేది. ఆయన రాలేదు. ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు.

ఒక రోజు ఆసుపత్రి నర్సు చేతి తొడుగులకి వచ్చి, కౌంటరు మీది పుస్తకం చూసి గుర్తుపట్టింది.

“ఇది మా వార్డులో కూడా ఉందక్కా. టోపీ పెట్టుకుని ఒక పెద్దాయన తెచ్చిచ్చాడు, మీ కొట్టులో ఎప్పుడు, ఎలా దొరికిందో చెప్పి మరీ.”

ఆమెకి ప్రాణం లేచివచ్చింది.

“ఆయన మళ్ళీ కనిపించారా? వాళ్ళావిడకెలా ఉంది?”

నర్సు ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

“ఆవిడెక్కడుందక్కా? వీపు పుళ్ళు ముదిరి మా వార్డులోనే పోయింది, మీ పుస్తకం ఆయన కంటపడటానికి వారం ముందు.”