వాగవతలి జారుడుబండ

చలికాలం వచ్చిందంటే అడవిలో పిల్లలందరికీ వాగవతలి జారుడుబండే లోకం. నీరెండకు వెచ్చబడ్డ ఆ బండ మీద పొద్దంతా జారేవాళ్ళు. కాకపోతే అక్కడికి వెళ్ళాలంటే వాగులో తడవాల్సిందే. కిందటేడు అలా తడిసే కుందేలు కూతురు నెల్లాళ్ళు జ్వరాన పడింది.

అందుకే ఈ ఏడు కుందేలు ఎలుగుబంటి మేస్త్రి వెంటపడింది.

"మేస్త్రిగారూ, చలి ముదిరేలోగా వాగు మీద వంతెన కట్టి పుణ్యం కట్టుకోండి."

"రాయి కొండ మీంచి దొర్లించాలమ్మా. ఎంత లేదన్నా వేసవి దాకా పడుతుంది."

"అంత దూరం ఎందుకండీ? దగ్గర్లో ఏది దొరికితే అది కొట్టెయ్యండి."

మేస్త్రిని అనడానికేం లేదు. రాయి అవతలి ఒడ్డునే దొరికింది. పది రోజుల్లో వంతెన లేచింది. ఏనుగు నడిచినా కదల్లేదు.

మొదటి రోజు కుందేలు కూతురు దాని మీద పరుగున అవతలికి వెళ్ళింది. అంతే పరుగున వంతెన మధ్యకు తిరిగొచ్చింది. కాలు కూడా తడవలేదు.

"అమ్మా, మన బండేదే?"

కుందేలు వంగి చూసింది. పిల్ల కాళ్ళ కింది రాయి అద్దంలా నున్నగా ఉంది.

"నువ్వు నిలబడింది దాని మీదే తల్లీ," అంది.