చూడనని సంతకం

"లా స్కూలుకా? నువ్వా?" లాయరు గార్లండ్ విట్‌కోమ్ కాఫీ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. "మూడేళ్లు చదివి బయటికొచ్చేసరికి నీకు యాభై నాలుగు, ఓటిస్. కోర్టు మెట్లెక్కడానికి చేతికర్ర కావాలి."

ఓటిస్ ప్రూయిట్ నవ్వలేదు. పందొమ్మిదేళ్లుగా ఆ ఆఫీసులో ఫైళ్లు మోస్తున్న గుమాస్తా అతను. చేతిలోని ఫారం బల్ల మీద పెట్టాడు.

"పనిచేస్తున్న చోటి నుంచి సిఫారసు ఉత్తరం కావాలట సార్."

"బడి మానేసి టైర్లు మార్చుకునేవాడివి. సాయంత్రాలు కూర్చుని డిగ్రీ లాగావు, సరే. అక్కడితో ఆగొచ్చుగా. ఈ వయసులో ఎందుకయ్యా నీకిది?"

"మా లానీ అన్న షాపు తిరిగి రాబట్టుకోవడానికి."

గార్లండ్ నవ్వు సగంలో ఆగింది.

లానీ టైర్ల షాపు ఖాళీ చేయించింది గార్లండే, స్థలం యజమాని తరఫున. నెల ముందు ఇవ్వాల్సిన నోటీసును నవంబరు ఇరవైన తయారుచేసి, దాని మీద ఒకటో తేదీ వేశాడు. ఒకటినే ఇచ్చామని కోర్టులో చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. ఇరవైన ఆ కవరు తీసుకెళ్లి అన్న చేతిలో పెట్టింది ఓటిస్. లోపల ఏముందో అప్పుడు తెలియదు. లానీ ఎంత మొత్తుకున్నా జడ్జి లాయరు మాటే రాసుకున్నాడు. డిసెంబరు మంచులో టైర్లన్నీ రోడ్డు మీద పడ్డాయి. లానీ ఇప్పుడు ఆసుపత్రి వంటగదిలో గిన్నెలు కడుగుతున్నాడు.

"మరి జడ్జికి నువ్వే చెప్పకపోయావా, ఇరవైనే ఇచ్చానని?"

"చెప్తే నమ్ముతాడా సార్? నేను లానీ తమ్ముణ్ని. మీరేమో ప్రమాణం చేశారు."

"అదీ. ఆ మాత్రం తెలివుంది కాబట్టే ఇంకా ఇక్కడ జీతం తీసుకుంటున్నావు." గార్లండ్ ఫారం చేతిలోకి తీసుకున్నాడు. "ఇదేంటి? ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నానని అప్పుడే సంతకం పెట్టేశావు."

"అలా పెడితేనే ఉత్తరానికి విలువట. మీరేం రాసినా నాకు చూపించరు."

"ఏం రాసినా?"

"ఏం రాసినా సార్."

గార్లండ్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఫారం మధ్యలో ఒక ప్రశ్న దగ్గర అతని వేలు ఆగింది. అభ్యర్థి ఎప్పుడైనా నిజాయితీ తప్పాడా, తప్పితే వివరంగా రాయండి.

ఓటిస్ గొంతు తగ్గించాడు. "ఒక్కటే మనవి సార్. ఆ నోటీసు సంగతి మాత్రం ఎత్తకండి. అది నా చేతి మీదుగా వెళ్లిందని తెలిస్తే నా సీటు పోయినట్టే."

"ఛ, నేనెందుకు ఎత్తుతాను? పందొమ్మిదేళ్ల సేవ నీది. నీకు తగ్గ ఉత్తరమే రాస్తాను, వెళ్లు."

ఓటిస్ తలుపు మూస్తుండగానే వెనక టకటకా టైపు చప్పుడు మొదలైంది. ఆ ఆఫీసులో కాగితం పోయినా, కాఫీ ఒలికినా, కేసు ఓడినా తప్పు గుమాస్తాదే. పందొమ్మిదేళ్లలో ఓటిస్ నేర్చుకున్న లా అంతా అదే.

మూడు వారాలకు లా స్కూలు నుంచి కబురొచ్చింది. సీట్లు ఇచ్చే కమిటీకి ప్రొఫెసర్ లెనోర్ టాగర్ట్ పెద్ద. ఓటిస్‌ను ఎదురుగా కూర్చోమంది. ఆమె బల్ల మీద ఒక ఉత్తరం బోర్లించి ఉంది.

"ఇది మీకు చూపించడానికి లేదు. చూడనని సంతకం పెట్టారు."

"తెలుసు మేడమ్. చూపించమని అడగను."

"కానీ మీ మీద వేసిన నింద మీకు చెప్పి తీరాలి. టైర్ల షాపు నోటీసు మీద దొంగ తేదీ వేసిందెవరు?"

"నా దరఖాస్తులో రాశాను కదండీ. ఆయనే."

"ఆయన మీరేనంటున్నాడు. మీరు వేశారట. కోర్టు రోజుకే ఆయనకు తెలిసిందట. మీ మీద జాలితో ఊరుకున్నాడట."

ఓటిస్ మోకాలి మీది టోపీని ఒకసారి తిప్పాడు. "అంటే తేదీ దొంగదని ఒప్పుకున్నాడు."

ప్రొఫెసరు బోర్లించిన ఉత్తరం మీద వేలు పెట్టింది.

"ఎవరు వేశారో తేల్చడం నా పని కాదు. కోర్టులో నిజమని ప్రమాణం చేసిన తేదీని ఇక్కడ అబద్ధమని రాసి సంతకం పెట్టాడు. నేనూ లాయర్నే. ఇంకో లాయరు ఇలాంటి పని చేశాడని చదివి కూడా ఊరుకుంటే ముందు నా లైసెన్సుకే ముప్పు. చూడనని సంతకం పెట్టింది మీరు, నేను కాదు. పొద్దున్నే దీని నకళ్లు లాయర్ల క్రమశిక్షణ సంఘానికీ మీ కౌంటీ జడ్జికీ పంపేశాను."

"షాపు కేసు?"

"మళ్లీ తెరవక తప్పదు."

"ఆయన లైసెన్సు?"

"ఉంటుందని నేననుకోను."

ఓటిస్ ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలాడు. లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"ఎక్కడికి? మీ సీటు సంగతి తేలలేదుగా." ఆమె ఫైలు తిరగేసింది. "అన్నీ ఉన్నాయి. ప్రవేశ పరీక్ష మార్కులే ఇంకా రాలేదు. పరీక్ష ఎప్పుడు రాశారు?"

ఓటిస్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

"నేను రాయలేదు మేడమ్. రాయాల్సింది ఆయన. రాశాడు."