గడ మీద ఎర్ర టేపు

చెరువులో చేపలు పట్టే పరమేష్, దగ్గరకొచ్చిన తెరచాప పడవ అంచు పట్టుకొని ఒడ్డుకు లాగాడు. "దిగు సారూ. ఎవలు పంపిన్రు నిన్ను?"

పడవలో ఉన్న వినోద్ కుమార్ ఆదిభట్లలో ఇంజనీరు. "ఎవలు పంపుతరన్నా? పోయిన నెలనే కొన్న, సొంత పడవ."

"మూడు ఆదివారాల సంది చూస్తున్న. గాలి చెరువు నడుమకు కొడ్తుంటె నువ్వు ఒడ్డెంబడే తిరుగుతున్నవ్. జరంత దూరం పోంగనే గడ దించి లోతు చూస్తున్నవ్. ప్లాట్లోళ్ల సర్వేనా?"

ప్లాట్ల కోసం ఇబ్రహీంపట్నం చెరువు ఒడ్డు పూడిస్తే పరమేష్ వల వేసే చోటు పోతుంది. అతను గడ లాక్కొని చూశాడు. అంకెలు లేవు. ఒక్కచోట ఎర్ర టేపు చుట్టి ఉంది.

"గిదేంది?"

వినోద్ దిగి గడ పక్కన నిలబడ్డాడు. టేపు సరిగ్గా అతని గడ్డం కిందికి వచ్చింది.

"టేపు మునిగితే వెనక్కి తిప్పుత. నాకు ఈత రాదన్నా."

"ఈత రానోడు పడవ కొంటడా?"

"సముద్రం మీద పోవాలని చిన్నప్పటి సంది కోరిక. ముందు ఈడ పడవ నడుపుడు నేర్చుకుందామని."

పరమేష్ నవ్వబోయి ఆగాడు. ఇంతసేపూ వినోద్ పడవ తిప్పిన నీళ్ల వైపు అతను చూశాడు.

"సారూ, గా ఒడ్డంత మొరం మట్టి తవ్విన గుంతలు. నీ గడకు నేల తగిలిన చోటికి ఒక్క అడుగు అవతల ఇద్దరు మనుషులంత లోతుంటది. గుంతల్లేని నడుమనే నయం."



పరమేష్ చొక్కా విప్పి ఒడ్డున పెట్టాడు.

"పడవ కట్టెయ్. ఇయ్యాల నువ్వే తేలాలె."