గుమ్మం వైపు పరుగు

ఏడేళ్లకే మూతి అంతా తెల్లబడిపోవడం ఏమిటి? మనుషుల్లో బాలనెరుపు ఉన్నట్టు కుక్కల్లోనూ ఉంటుందేమో. నీళ్లు పడలేదేమో. తిండిలో ఏదో తక్కువైందేమో.

పశువుల డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని ఆమె ఒక్కో కారణాన్నీ తీసి చూసి పక్కన పడేస్తోంది. కళ్లద్దాల దుకాణంలో రోజంతా చేసే పనీ అదే. ఒక అద్దం పెట్టి చూపించడం, మసగ్గా ఉందంటే తీసి ఇంకోటి పెట్టడం. ఇక్కడ మాత్రం ఏది పెట్టినా మసగ్గానే ఉంది.

కాళ్ల దగ్గర బుడ్డోడు వగరుస్తున్నాడు. పక్కన ఆడపడుచు, వాడి గొలుసు చేతికి చుట్టుకుని.

డాక్టరు లోపలికి పిలిచి, బుడ్డోడి పక్కటెముకల మీద స్టెతస్కోపు చాలాసేపు ఉంచాడు.

“వయసెంతన్నారు?”

“ఏడు.”

“పదమూడేళ్ల వాడిలా ఉన్నాడమ్మా. బెంగ ఎక్కువున్న కుక్కలకి మూతి తొందరగా నెరుస్తుంటుంది. ఇంట్లో ఏమైనా జరిగిందా?”

“మావారు పోయారు. రెండేళ్లయింది. వీడు మాత్రం ఇంకా నమ్మడు.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “రోజూ సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చే వేళకి గుమ్మానికి పరిగెడతాడు. తలుపు గోకుతాడు, ఎగురుతాడు, మూలుగుతాడు. చీకటి పడేదాకా అదే పని. చివరికి సోలిపోయి అక్కడే పడుకుంటాడు.”

“ఇన్నాళ్లా?” డాక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. “మామూలుగా కొన్ని నెలలకి సర్దుకుంటాయే.”

“వీడిది మొండిఘటం. అచ్చం ఆయన పోలిక.”

ఆడపడుచు నవ్వబోయి ముక్కు తుడుచుకుంది.

డాక్టరు నవ్వలేదు. “గుండె బాగా దెబ్బతిందమ్మా. ఆశపడటం, పరిగెత్తడం, నీరుగారిపోవడం... రోజూ ఇదంటే తట్టుకోలేడు. ఏదో ఒక సాయంత్రం ఆ గుమ్మం దగ్గరే ప్రాణం పోతుంది. ఎలాగైనా మాన్పించండి.”

ఆటోలో ఆడపడుచు మొదలుపెట్టింది. “నాతో పంపించెయ్ వదినా. మొన్న నువ్వు జ్వరంతో ఆస్పత్రిలో ఉంటే మా ఇంట్లోనే ఉన్నాడుగా. సాయంత్రమైతే చాలు, గుర్రుపెట్టి నిద్ర! ఒక్కసారి గుమ్మం వైపు చూస్తే ఒట్టు.”

“మీ గుమ్మం వాడికి కొత్త. అంతే.”

“నీ దగ్గర మాత్రం ఏం సుఖపడుతున్నాడు? అన్నయ్య పోయినప్పుడు నీ కంట నీటిచుక్క చూశామా? వారం తిరక్కుండా కొట్టుకెళ్లి కూర్చున్నావ్. ఆ ఇంట్లో మా అన్నయ్యని తలుచుకునేది ఈ కుక్కొక్కటే.”

అనేశాక తనే నాలుక కరుచుకుంది. అందరూ వెనకాల అనేదే, ఈ పిల్ల ఎదురుగా అంది.

“రేపొచ్చి తీసుకెళ్లనా మరి?”

“చూద్దాంలే.”

పంపేస్తే వాడి ప్రాణం నిలుస్తుంది. ఆమెకి తెలుసు. కానీ వాడు తోక విదిలిస్తూ తలుపు మీదికి ఎగిరే ఆ ఒక్క క్షణం ఉంది చూడండి, తలుపు అవతల నిజంగానే ఒక మనిషి వంగి బూట్లు విప్పుకుంటున్నట్టుంటుంది. ఆ క్షణం లేని ఇంట్లో సాయంత్రాలు ఏం చేసుకోవాలి?

ఇల్లు చేరాక బుడ్డోడు నీళ్లు తాగి సోఫా పక్కన వాలిపోయాడు. బయట మెట్ల మీద ఎవరో బూట్లతో పైకెళ్లారు. వాడు చెవి కూడా కదపలేదు.

కిటికీలోంచి పడ్డ ఎండ నేల మీంచి గోడ ఎక్కింది. ఆ వేళయింది.

బుడ్డోడు కళ్లు తెరిచాడు. తోకతో నేలని ఒకసారి తట్టాడు. వాడి చూపు గుమ్మం మీద లేదు, ఆమె ముఖం మీద ఉంది.

ఆమె వచ్చి వాడి పక్కన నేల మీద కూర్చుంది. ఛాతీ మీద చెయ్యి వేస్తే లోపల గుండె అప్పుడే పరుగు అందుకుంది. ఆమె వంగింది.

రెండేళ్లుగా రోజూ ఈ వేళకి “ఒరేయ్, నాన్నొచ్చాడు!” అని తను గుసగుసలాడే ఆ చెవిలోనే, మొదటిసారి, “నాన్న ఇక రాడురా” అంది.