గీతలు పడ్డ లింకులు

ఇస్త్రీ పెట్టె పడితే నేల మీద పడాలి, లేదా కాలి మీద పడాలి. అది ఆవిడ చేతిలోంచి జారి సరిగ్గా భర్త బండి మీద పడింది.

బండంటే రోడ్డు మీద తిరిగేది కాదు. చంకలో పట్టేంత బండి. రిమోటుతో నడుస్తుంది, రాళ్లెక్కుతుంది.

ఆరు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. పిసకమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, ఆయన దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. మొండికేసిన ఆ చెయ్యి రిమోటు చక్రం తిప్పడానికి మాత్రం మెల్లగా ఒప్పుకుంది.

ఆదివారం రాళ్లెక్కే బండ్ల పోటీ.

"ఆ రోజు కుదరకపోతే ఇక దీన్ని అటకెక్కించెయ్యి" అన్నారాయన.

బండితో పాటు తనని తాను కూడా కలుపుకునే అన్నారని ఆవిడకి తెలుసు.

ఇప్పుడు వెనక ఇరుసుని బండికి పట్టి ఉంచే కడ్డీలు రెండూ వంగాయి. లింకులంటారు వాటిని. ఆవిడ వాటిని ఊడదీసి, సుత్తితో సాపు చెయ్యబోయింది. రెండూ మర దగ్గర టప్పున విరిగాయి.

ఆయన మధ్యాహ్నం కునుకులో ఉండగానే ముక్కలు చెంగున కట్టుకుని ఆ బండ్ల సామాను అమ్మే దుకాణానికి పరిగెత్తింది.

"తొమ్మిది సెంటీమీటర్ల లింకులు, రెండివ్వండి."

"కన్నం నుంచి కన్నానికేనా అమ్మా?" అన్నాడు దుకాణదారు.

"కన్నాలెందుకు? కడ్డీ కొలిచాను. ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టిన చెయ్యి, తేడా రాదు."

కౌంటరు చివర మరల డబ్బా కెలుకుతున్న మనిషి ఫక్కున నవ్వాడు. వెలిసిన టోపీ, మోచేతుల దాకా మట్టి.

"చివర్లున్న కన్నాలు వదిలేసి కొలిచారక్కా. ఈ కన్నం నడుమ నుంచి ఆ కన్నం నడుమ దాకా లెక్క. తొమ్మిదివి బిగిస్తే వెనక చక్రాలు పొట్ట కిందికొస్తాయి. బండి కూర్చోబోయి మానేసిన ఆవులా ఉంటుంది."

"మిమ్మల్నడిగానా?"

దుకాణదారు ముక్కలు పేర్చి కొలిచాడు. "పదకొండు. ఆ కొలతవి అయిపోయాయమ్మా. బుధవారం రండి."

"బుధవారం వచ్చి ఏం చేసుకోను? పోటీ రేపే!"

ఆవిడ కౌంటరు పట్టుకుని అన్నీ ఏకరువు పెట్టింది. పడిపోయిన చెయ్యి, తాళంలో ఉన్న బంతి, ఇస్త్రీ పెట్టె, అటక. దుకాణదారు తల గోక్కున్నాడు. టోపీ మనిషి మరల డబ్బా పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

పావుగంటకి తిరిగొచ్చాడు. అప్పటికి ఆవిడ ఇంకా బతిమాలుతూనే ఉంది. అతను రెండు లింకులు ఆవిడ ముందు పెట్టాడు.

"సరిగ్గా పదకొండు. తీసుకెళ్లండి."

తిప్పి చూస్తే అడుగునంతా గీతలు.

"ఆడమనిషి, దీనికేం తెలుస్తుందిలే అని వాడి పారేసినవి అంటగడుతున్నారా?"

"వాడినవేనక్కా. పారేసినవి కాదు. గీతలున్న వైపు కిందికొచ్చేలా బిగించమనండి."

"ఎంత?"

"ఏమీ వద్దు."

దాంతో ఆవిడ అనుమానం రెట్టింపైంది. "ఊరికే వచ్చేదానికి ఊడిపోయే గుణమెక్కువ. నడి రాతి మీద ఊడిందో, మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాను!"

"రండి. అక్కడే ఉంటాను."

దుకాణదారు ఏదో చెప్పబోయాడు. టోపీ మనిషి వద్దన్నట్టు తలూపాడు.

ఇంటికెళ్లి ఆవిడ నేరం ఒప్పేసుకుంది. ఆయన కోప్పడలేదు. లింకుల్ని వెలుతురులో పెట్టి తిప్పితిప్పి చూశారు.

"ఎవరిచ్చారే ఇవి?"

"ఎవరో టోపీవాడు. పాత సరుకు వదిలించుకున్నాడు."

"పిచ్చిదానా! గీతలన్నీ పొడుగునా ఒకే వాలున ఉన్నాయి చూడు. రాయి మీద ఒరుసుకుంటూ ఎక్కిన గీతలివి. దొర్లిపడిన బండికైతే అడ్డదిడ్డంగా పడతాయి."

బిగించబోతే కుడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది. ఆవిడ చూడనట్టే వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు పాడుబడ్డ రాళ్ల క్వారీలో జంట కర్రలతో పది ద్వారాలు పాతారు. ఆయన బండి ఒక్కొక్కటే దాటింది. ఆరో దాని దగ్గర నిటారుగా నిలబడ్డ రాయి. రిమోటు చక్రం కుడికి పూర్తిగా తిప్పితేనే దారి. ఆయన మణికట్టు సగంలో ఆగింది.

"ఇంకొంచెం అండీ" అంది ఆవిడ, తనలో తనే.

మణికట్టు వణికింది. తిరిగింది. ముందు చక్రాలు అంచు పట్టుకున్నాయి, వెనక లింకులు రాతిని ఒరుసుకుంటూ జారాయి, బండి పైకొచ్చి కూర్చుంది.

ఎనిమిదో ద్వారం దగ్గర టైమైపోయింది. ఆయన బండిని చూడట్లేదు. తప్పిపోయి ఇంటికొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు తన కుడి చెయ్యినే చూసుకుంటున్నారు.

"వచ్చే ఏడాది పదీ" అన్నారు.

తాడు అవతల ఎవరో అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. వెలిసిన టోపీ. నిన్న తనన్న మాటలన్నీ ఆవిడకి గుర్తొచ్చాయి. జనాన్ని తోసుకుంటూ అటు నడిచింది.

"చివరి బండి! పన్నెండో నంబరు!" మైకు పిలిచింది.

టోపీ మనిషి చెయ్యెత్తాడు. "ఈసారి నా బండి లేదండీ. చూడ్డానికొచ్చాను."

ఆవిడ అక్కడికి చేరేసరికి తాడు పక్కన ఎవరూ లేరు.

"ఆ టోపీ ఆయన ఎటు వెళ్లారు బాబూ?"

"వెళ్లిపోయారమ్మా" అన్నాడు మైకు మనిషి. "పేరు పట్టీలో ఉందని పిలిచానంతే. పొద్దునే ఆయన బండి చూశాను, వెనక లింకులు రెండూ లేవు. ఎక్కడ పారేసుకున్నారండీ అంటే నవ్వి ఊరుకున్నారు. వరసగా మూడేళ్లు గెలిచి ఇంట్లో పెట్టుకున్న కప్పుని తళతళా తోమి తెచ్చి, ఈసారి గెలిచినవాళ్లకిమ్మని ఈ బల్ల మీద పెట్టి వెళ్లారు."