సుబ్బన్న చేని మన్ను

ఎవరికీ అక్కరలేని మన్నును దొంగిలించడానికి కూడా గుండె దడదడలాడుతుందని ఓబులేసుకు ఆ పొద్దే తెలిసింది. సుబ్బన్న చేనిలో గొంతుకూర్చుని, చిన్న పారతో బెత్తెడు లోతు తవ్వి, గుడ్డసంచి నింపుకుని, అటూ ఇటూ చూసుకుంటూ ఇంటికి వచ్చిపడ్డాడు.

వంక పక్కనుండే సుబ్బన్న చేను చచ్చి ఆరేళ్ళయింది. పట్టునూలుకు రంగులద్దే షెడ్ల నీళ్ళు వంకలోకి వదలడం మొదలైనప్పటి నుంచి అక్కడ గడ్డి కూడా మొలవడం లేదు. ఇప్పుడు ధర్మవరం వ్యవసాయ ఆఫీసు వాళ్ళు అలా చెడిన చేలల్లోనే అడవి ఆముదం వేయిస్తారట. ఆ గింజల నుంచి లారీలకు డీజిల్ తీస్తారట. మొక్కలు ఊరికే ఇచ్చి, మూడేళ్ళు సాకినందుకు కూలి కూడా ఇస్తారట. పరీక్షలో మన్ను చెడిందని తేలితే చాలు.

ఓబులేసు చేనేమో మిట్ట మీద ఉంది. చేనిలోనే ఇల్లు, ఇంటి ముందర బావి. తాగడానికే సరిపోయే ఆ నీళ్ళతో పంట పండదు. వానలు లేక మూడేళ్ళుగా వేరుశనగ ఎండిపోతోందే గాని, మన్నుకు ఏ రోగమూ లేదు. ఈసారి కూడా చేతికేమీ రాకపోతే బెంగుళూరులో వాచ్‌మన్ పనికి పోవాల్సిందే. కాన్పుకు వచ్చిన కూతురు చంద్రికను వదిలి పోవడానికి ఆయనకు ప్రాణం ఒప్పడం లేదు.

"సుబ్బన్న మన్ను తెచ్చి మనదని పేరు రాస్తావా?" భార్య బయమ్మ నిలదీసింది.

"రాసేసినా. రేపు చంద్రికను ఆసుపత్రికి తీస్కపోతాండావు గదా, అట్లే ఆఫీసులో ఇచ్చేసి రా."

"తప్పయ్యా. ఉండేది ఉన్నట్టు చెప్పి అడుగుదాం. రాసిపెట్టుంటే వస్తాది."

"ఉండేది చెప్తే వచ్చేది బెంగుళూరు బస్సే! సుబ్బన్న పేరు ఎప్పుడో రాసుకున్యారు. ఆయప్పకు పోయేదేముండాది, సంచెడు మన్నేగా?"

బయమ్మ విసురుగా సంచి మూతి బిగించి కట్టింది.

మరునాడు ఆమె ధర్మవరం నుంచి రాగానే, "ఇచ్చినావా?" అన్నాడు ఓబులేసు.

"ఇచ్చినా," అంది మొహం చూడకుండా. కోపం ఇంకా పోలేదులే అనుకున్నాడు.

నెల తిరిగేసరికి ఆఫీసు నుంచి విష్ణువర్ధన్ సారు మోటారు సైకిలేసుకుని వచ్చాడు. బయమ్మ మేకలకు ఆకు తేవడానికి పోయి ఉంది.

"ఓబులేసన్నా, నీ మన్ను సుబ్బన్నదాని కంటే చెడింది. పట్టీలో మొదటి పేరు నీదే."

ఓబులేసుకు ఎగిరి గంతేయాలనిపించింది. బలవంతాన మొహం వేలాడేశాడు.

"ఏం జేసేది సార్, మా రాత."

"వంక యాడ, ఈ మిట్ట యాడ! చూస్తే చేను బాగనే ఉండాదే?"

"రంగునీళ్ళు కదా సార్, భూమి లోపల్నుంచి యాడికైనా పాకుతాయి," అన్నాడు ఓబులేసు. అంత చక్కటి అబద్ధం తన నోట్లో ఎలా పుట్టిందా అని తానే మురిసిపోయాడు.

"అదీ నిజమే. తినే పైరు మాత్రం పెట్టొద్దు. అడవి ఆముదం ఎవురూ తినరు గాబట్టే ఇస్తాండాం. ఆ మన్ను కాడ బాయుంటే నీళ్ళు నోట్లో పోసుకోవద్దు. కడుపులో బిడ్డలకు మరీ చెరుపు."

"అయ్యో, ముట్టం సార్!"

సారు బండి అటు పోయిందో లేదో, బయమ్మ నెత్తిన ఆకు మోపుతో వచ్చింది.

"ఏమే, మొదటి పేరు మనదే! ఇంక బెంగుళూరూ లేదు, ఏం లేదు." ఆ సంబరంలోనే బావిలో నుంచి చెంబెడు నీళ్ళు చేది చంద్రిక చేతిలో పెట్టాడు. "తాగమ్మా, కొబ్బరినీళ్ళ మాదిరుంటాయి. ఆ చెడిన మన్ను కాడి నీళ్ళు తాగితే కడుపులో బిడ్డకు చెరుపంట. పాపం సుబ్బన్న!"

బయమ్మ నెత్తి మీది మోపు కిందపడింది. ఒక్క అంగలో వచ్చి, కూతురి చేతిలోని చెంబు లాక్కుని దూరంగా విసిరేసింది.

"పిచ్చి పట్టిందేమే నీకు?" అని అరిచాడు ఓబులేసు.

ఆమె కూతురిని బావి దగ్గర నుంచి ఇవతలికి లాగింది. "అబద్ధమాడలేక సుబ్బన్న మన్ను ఆ పొద్దే పారబోస్తినయ్యా. మంచి మన్నని తేలుతాది, అంతటితో నీ ఆశ తీరుతాదనుకుంటి..."

"మరి ఆఫీసులో ఏమిచ్చినావు?"

"ఈ బాయి గట్టు మన్ను."