తెల్లబూజు

"పాపయ్యన్నా, ఒకసారి ఇట్ల రా. నా పురుగులకు ఏమైందో చూడు!"

కరుణమ్మ కేక విని పాపయ్య గట్టు దాటి ఆమె పట్టుపురుగుల షెడ్డులోకి పరిగెత్తాడు. ఆమె అరచేతిలో రెండు పురుగులున్నాయి. రెండూ సుద్దముక్కల్లా బిగుసుకుపోయాయి. ఒళ్లంతా తెల్లబూజు.

ఆ బూజు ఏమిటో పాపయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రోజూ తన కందిచేలో చూసుకుని మురిసిపోతున్నది దాన్నే. కందికాయలు తొలిచే పచ్చపురుగు మీద ఆ మధ్య తనే కొట్టాడు. కంభం వ్యవసాయాఫీసులో ఇచ్చిన పొడి, బవేరియా అంటారు. విషం కాదు, అదొక రకం బూజు. పురుగు ఒంటికి అంటుకుని, లోపలికి దిగి చంపి, చచ్చాక పైకి తెల్లగా పూస్తుంది.

పురుగుమందు కొడితే ఆ గాలి పక్కనున్న మల్బరీ తోటకు తగులుతుంది. ఆ ఆకు తిన్న కరుణమ్మ పురుగులు చస్తాయి. అందుకే ఆమె అడగ్గానే మందు మానేసి, ఆమెకు చెప్పకుండానే ఈ బూజుపొడికి మారాడు పాపయ్య. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే. అయితే ఆయనదీ ఒట్టి అమాయకత్వం కాదు. పొడి ఇచ్చేముందు అక్కడి కృపారాణి అనే అమ్మాయి నిలేసి అడిగింది, "మీ చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచేవాళ్లు ఎవరన్నా ఉన్నారా పెదనాయనా?" అని. ఉన్నారంటే వట్టి చేతుల్తో పంపేస్తుందేమోనని "ఎవరూ లేరమ్మా" అనేశాడు. విషమే కానప్పుడు ఎవరుంటే ఏంలే అనుకున్నాడు.

"ఏందన్నా ఇది?"

"ఏంలేదమ్మా. మంచు బాగా పడతా ఉంది గదా, దానికేమో..." అని నసిగాడు, తేలు కుట్టిన దొంగలా.

"ఈ పక్క తట్టల్లోయి బాగనే ఉన్నాయి. రెండుమూడు రోజుల్లో గూడు కడతాయి. ఇవన్నా దక్కుతాయా? పట్టుపురుగుల సారు రేపు మధ్యాహ్నం గానీ రాలేడంట. ఇదే నా మొదటి పంటన్నా. మా పాప కేథరిన్‌ను నర్సింగులో చేర్చేది దీని మీదనే పెట్టుకున్నా."

"దక్కుతాయిలేమ్మా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు నేల మీద ఉంది.

ఇంటికి రాగానే భార్య రాఘవమ్మ దగ్గర అంతా కక్కేశాడు. ఆమె ఆయన్ను తిట్టేపని తర్వాతకి పెట్టుకుని, ముందు కృపారాణికి ఫోన్ చేయించింది.

"లేరని చెప్పినారు గదా పెదనాయనా!" అవతల ఆ అమ్మాయి గొంతు పెరిగింది. "సరే, అయిందేదో అయింది. చచ్చినవాటిని ఏరి కాల్చెయ్యమనండి. బాగున్న తట్టల మీద సున్నప్పొడి చల్లి, వేరే గదిలోకి మార్చమనండి. మీ చేను పక్క ఆకు వెయ్యొద్దనండి. చాలామటుకు దక్కుతాయి. కానీ ఇప్పుడే చెప్పాల."

ఫోన్ పెట్టకముందే రాఘవమ్మ చెప్పులు తెచ్చి ముందు వేసింది. "పో, చెప్పిరా."

"ఆ యమ్మ ముఖం ఎట్ల చూసేదే? అన్నా అన్నా అని ప్రాణం పెడతాది."

"నీ తప్పు నువ్వు చెప్పుకోకపోతే పాయె. సున్నం చల్లమని మాత్రం చెప్పు."

"నీకెట్ల తెలుసన్నా అంటే?"

"నేను పోయి చెప్తా ఉండు."

"వద్దు! నా నోటితోనే చెప్పాల. పొద్దున లేవగానే పోతా. ఒక్క పూటకు ఏమౌతాదే?"

రాఘవమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లిపోయింది. పాపయ్య అన్నం సగంలో వదిలేసి లేచాడు. తప్పు చేసిన బాధ ఒకటైతే, చెప్పుకోలేని పిరికితనం ఇంకొకటి. రెండో దానికే ఎక్కువ సిగ్గేసింది. పడుకున్నా, కళ్లు మూస్తే కరుణమ్మ అరచెయ్యే కనపడింది.

తెలతెలవారుతుండగా బయల్దేరాడు. ఏమనాలో దారంతా నెమరేసుకున్నాడు. తిట్టినా పడాలి, కొట్టినా పడాలి. ముందు సున్నం మాట చెప్పాలి, ఆ తర్వాత తన మాట. కంది గట్టు ఎక్కేసరికి కరుణమ్మే ఎదురొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. చీర కుచ్చిళ్లు మంచుకు తడిసి, చేతులు మోచేతుల దాకా మసి.

"అమ్మా, నీకో మాట చెప్పాల," అన్నాడు పాపయ్య.

"ముందు నేను చెప్పాలన్నా. నన్ను క్షమించు." ఆమె ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది. "చీకటితోనే ఆకు కోద్దామని లైటు పట్టుకొచ్చి నీ చేలో చూసినా. నీ కంది మీద పురుగులకు కూడా అదే తెల్లబూజన్నా! నా షెడ్డులో రోగం నీ పొలానికి పాకింది. నా కోసం మందు కొట్టేది మానుకున్న మనిషివి, నీ చేను మీదకు నేనే తెచ్చిపెట్టినా. రేపు కందికి ఎక్కితే నీ గతేంది?"

పాపయ్య తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా, అది నీది కాదు... ముందు నువ్వు బాగున్న తట్టల మీద సున్నం..."

"భయపడబాకన్నా," అంది కరుణమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నీ చేనికి ఇంకేం కాదు. బాగున్నయి, బాగలేనియి అని చూడకుండా తట్టలన్నీ ఇప్పుడే తగలబెట్టి వస్తున్నా."